పని లేకుండా పట్నం: మా నాలుగు రోజుల దండారి



పోస్టు కొంచెం పొడుగు ఉంటది. తీరిక చేసుకుని చదవండి.

మొన్న చలికాలంలో మేము నలుగురం హైదరాబాద్ పోయి నాలుగు రోజులు ఉండి వచ్చినం. ఇందులో చెప్పేదేముంది అంటరా? మేము ఏ పనీ లేకుండా పోయినం. పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు, దవాఖాన లేదు, ధర్నా లేదు. తినడానికి, పాట వినడానికి, గల్లీలు తిరగడానికి పోయినం. అంతే.

ఉట్నూర్ బస్టాండ్‌లో తెలిసిన మామ ఒకాయన కలిసి, "ఏం పని మీద పోతున్నరు పిల్లలూ?" అని అడిగిండు. "ఏం పని లేదు మామా, ఊరికే" అన్నం. ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. "చెప్పుండ్రి, ఏదన్న నోటిఫికేషన్ పడ్డదా?" అన్నడు. లేదు మామా అంటే, "పని లేకుంట పట్నం ఎవరన్న పోతరా!" అని నవ్వి, మా బ్యాగుల దిక్కు చూసిండు. ఇంట్లో ఏదో దాస్తున్నరు అనుకున్నట్టుంది.

ఆయన తప్పేం లేదు. బస్సులో కూసుని మేమే లెక్క వేసుకున్నం. మా నలుగురివి కలిపి ఇంతకుముందు పదకొండు సార్లు హైదరాబాద్ పోయినం. పోటీ పరీక్షలకు నాలుగు సార్లు, సర్టిఫికెట్ల పరిశీలనకు రెండు సార్లు, ధర్నాచౌక్‌కు మూడు సార్లు, దవాఖానకు రెండు సార్లు. పదకొండు సార్లు పోయి కూడా చార్మినార్ చూసినోళ్ళు మాలో ఒక్కరే. అది కూడా బస్సు కిటికీల నుంచి. హైదరాబాద్ అంటే మాకు ఒక కౌంటర్. అటు పక్క ఒకరు కూసుంటరు, ఇటు పక్క మనం కాగితాలు పట్టుకుని నిలబడతం. పని అయితే రాత్రి బస్సు, కాకపోతే కూడా రాత్రి బస్సే.

అదే పట్నం నుంచి మన దిక్కు ఎట్ల వస్తరు? వానాకాలం వస్తే కుంటాల జలపాతానికి శని ఆదివారాలు ఎన్ని కార్లు వస్తయో మనకు తెలుసు. కేస్లాపూర్ నాగోబా జాతరకు కెమెరాలు పట్టుకుని వస్తరు. వాళ్ళను "ఏం పని మీద వచ్చిన్రు?" అని మనం అడగం. చూడటానికి వచ్చినరు, అది చాలు. మరి మనం చూడటానికి పోతే ఎందుకు వింతగా ఉండాలె? ఒక రాత్రి ఈ మాట మీద మొదలైన ముచ్చట, ఆరు నెలలు పైసలు కూడబెట్టినంక ప్రయాణం అయింది.

మేము నలుగురం అంటే ఇద్దరం గోండులం, ఒకరు కొలాం, ఒకరు లంబాడా. ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. ఈ పేర్లన్నీ ఒక్క వాక్యంలో వస్తే మన దగ్గర ఏం లొల్లి అయితదో తెలియనోళ్ళం కాదు. ఆ ముచ్చట ఈ పోస్టుల వద్దు. ఒక్క హాస్టల్ క్యాంపస్‌లో ఏండ్లకేండ్లు నీళ్ళ చారు తాగి పెరిగినోళ్ళం, అంత వరకే చెప్తం.

ప్లాన్ ఎట్ల చేసినమో చెప్పాలె. మొదలు ఫోన్‌లో వీడియోలు చూసి ఇరవై ఏడు జాగాల లిస్టు రాసినం. పొద్దున గోల్కొండ, మధ్యాహ్నం సాలార్‌జంగ్, సాయంత్రం చార్మినార్, రాత్రి బిర్యానీ... ఇట్ల నాలుగు రోజులు. మా ఒకరి తాత పక్కన కూసుని ఇదంతా విన్నడు. విని, "ఒక్క దినంల ఇన్ని ఊళ్ళా? దండారి అట్ల పోతదా?" అన్నడు.

ఆ మాటతోటి మా లిస్టు మొత్తం మారింది.

తెలియని దోస్తుల కోసం రెండు ముక్కలు. దీపావళి ముందు గోండు గూడేలల్లో వాద్యాలకు పూజ చేసి, ఏత్మాసుర్ దేవునికి మొక్కి దండారి మొదలు పెడతరు. ఒక ఊరి దండారి ఇంకో ఊరికి చుట్టంగా పోతది. ఆ ఊరోళ్ళు ఎదురొచ్చి తీసుకపోతరు. పెట్టింది తినాలె, రాత్రి ఆడాలె, పాడాలె, మాట్లాడాలె, అక్కడే పండుకోవాలె. గుస్సాడీలు నవ్విస్తరు. పెండ్లి సంబంధాల ముచ్చట్లు కూడా అక్కడనే నడుస్తయి. వాళ్ళు పిలిస్తే మనం పోతం, మనం పిలిస్తే వాళ్ళు వస్తరు. చివరికి కొలబొడితో ముగిస్తరు. అంటే తిండి, పాట, ఊరు, ఈ మూడింటి కోసం తీరిగ్గా రోజులకు రోజులు పోయి వచ్చే అలవాటు మనకు కొత్తగా ఎవరూ నేర్పాల్సిన పని లేదు. మన తాతలది అదే. ఊరి నుంచి ఊరికి పోయేది, మేము పట్నానికి పోతున్నం, తేడా అంతే.

మా లంబాడా దోస్తు అన్నది: "మీ దండారి మగోళ్ళదే కదా, ఆడోళ్ళు ఊరు దాటరు. ఈ దండారిలో మేమిద్దరం ముందు నడుస్తం." సరే అన్నం.

తాత మాట పట్టుకుని మూడు నియమాలు పెట్టుకున్నం. ఒకటి, రోజుకు ఒక్కటే దిక్కు. ఆ పేట వదిలి ఉరుకులాడొద్దు. రెండు, ప్రతి రోజు ఒక కడుపునిండా భోజనం, ఒక పాట. ఆ రెండూ దొరికితే ఆ రోజు అయినట్టే, మిగతావి దొరికితే దొరికినయి. మూడు, చుట్టంగా పోతున్నం కాబట్టి ఖాళీ చేతులతో పోవద్దు. ఒక డబ్బా నిండా ఇప్పపువ్వు లడ్డూలు కట్టుకున్నం.

గురువారం పొద్దున దిగేట్టు, ఆదివారం రాత్రి ఎక్కేట్టు రోజులు చూసుకున్నం. దానికి కారణం ఉన్నది, కింద చెప్తం. ఉట్నూర్ నుంచి నిర్మల్, అక్కడ మారి హైదరాబాద్. ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడపిల్లలకు మహాలక్ష్మి పథకం కింద టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తరు. సిటీ ఆర్డినరీ బస్సుల్లో కూడా అంతే. మగపిల్లలం టికెట్ పెట్టుకున్నం. ఈ పథకం లేకపోతే మా ఇద్దరు దోస్తులు ఈ ప్రయాణానికి వచ్చేటోళ్ళు కాదు. ఇది నిజం.

మొదటి దెబ్బ దిగంగనే తగిలింది. ముందే ఫోన్ చేసి రెండు గదులు చెప్పి పెట్టుకున్న లాడ్జికి పొద్దున్నే పోయినం. కౌంటర్ కాడి ఆయన నాలుగు ఆధార్ కార్డులు తిప్పి తిప్పి చూసిండు. పేర్లు చూసిండు, ఊర్లు చూసిండు, మా మొహాలు చూసిండు. "ఫ్యామిలీలకే ఇస్తం" అన్నడు. ఫోన్‌లో ఆ మాట చెప్పలేదు కదా అంటే ఇంకో దిక్కు తిరిగిండు. చలిలో రోడ్డు మీద నిలబడి ఒకరి మొహం ఒకరం చూసుకున్నం. మళ్ళీ కౌంటరే. పని లేకుండా వచ్చినా కౌంటర్ వదల్లేదు.

మన సీనియర్లు కాపాడిన్రు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుకునే అన్న తన గదికి మగపిల్లలను రమ్మన్నడు. చిక్కడపల్లిలో హాస్టల్‌లో ఉండే అక్క వార్డెన్‌కు చెప్పి ఆడపిల్లలను తీసుకపోయింది. ఇద్దరికీ లడ్డూలు ఇచ్చినం. అన్న ఒక లడ్డూ నోట్లో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. రెండేండ్లయిందట ఆయన ఇంటికి పోక. దండారి మొదటి ఊరు అట్ల మాకు లాడ్జికి బదులు మనోళ్ళ గదిలోనే దొరికింది. అశోక్‌నగర్, చిక్కడపల్లి దిక్కు ఉంటే ఇంకో లాభం, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ పోయే మెట్రో లైను అక్కడనే పోతది. పాతబస్తీకి తొందరగా చేరుతం.

గురువారం పాతబస్తీ. పదకొండు దాకా పండుకుని లేచినం. ముందు పురానీ హవేలీ దిక్కు మున్షీ నాన్ దుకాణం వెతుక్కుంటూ పోయినం. 1851లో మొదలైన దుకాణం అది. మట్టి తందూరు లోపలి గోడకు పిండి చరిచి అంటిస్తరు, కాలినంక ఇనుప చువ్వతో తీస్తరు. నాలుగు మూలల నాన్. అక్కడ కూసుని తినే జాగా లేదు, కాగితంలో చుట్టి ఇస్తరు. వేడి వేడిగా చేతిలో పట్టుకుని నడిచినం, పక్క గల్లీలో చిన్న హోటల్‌లో దాల్చా చెప్పుకుని ముంచుకుని తిన్నం. రొట్టె కోసం పొద్దున్నుంచి తందూరు ముందు నిలబడే మనిషి చెయ్యి చూస్తే, మా అమ్మలు జొన్నరొట్టె కొట్టే చెయ్యి యాదికొచ్చింది. పిండి వేరు, కొట్టుడు ఒకటే.

తర్వాత చౌమహల్లా ప్యాలెస్. ఇది శుక్రవారం మూసి ఉంటది, సాలార్‌జంగ్ మ్యూజియం కూడా శుక్రవారం సెలవే, ప్లాన్ చేసుకునేటోళ్ళు గుర్తు పెట్టుకోండి. దర్బార్ హాలులో గాజు దీపాల గుత్తులు, పాలరాయి గద్దె. అందరూ ఫోటోలు దిగుతున్నరు. మేము ఆ గద్దె ముందు కొంచెం సేపు నిలబడ్డం. భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగింది ఈ సర్కారు తుపాకులకే. ఆ రోజుల్లో మనోళ్ళ అర్జీలు ఇక్కడి దాకా రావాలంటే ఎన్ని చేతులు మారాలెనో. ఇప్పుడు మేము టికెట్ కొనుక్కుని లోపలికి వచ్చినం, ఎవరూ ఆపలేదు. కోపం వస్తదేమో అనుకున్నం. రాలేదు. అందమైన ఇల్లే. అందంగా ఉన్నదని ఒప్పుకోవడానికి కూడా కొంచెం టైం పట్టింది, అంతే.

సాయంత్రం చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. నిలబడి తాగాలె. 1591లో కట్టిన మినార్ ముందర నిలబడి ఒక్క చాయ్‌ను అరగంట తాగినం. మా కొలాం తమ్ముడు పది నిమిషాలు తల ఎత్తి అట్లనే చూస్తున్నడు. ఏమైందిరా అంటే, "ఇంత దగ్గర్ల ఉన్నదా?" అన్నడు. ఆ మాటకు అర్థం మాకు ఆదివారం దాకా తెలియలేదు.

గురువారమే ఎందుకు దిగినం అంటే, నాంపల్లిలో యూసుఫైన్ దర్గాలో గురువారం రాత్రి ఖవ్వాలీ ఉంటది. టికెట్ లేదు, ఎవరన్నా పోవచ్చు. తలకు రుమాలు కట్టుకోవాలె, చెప్పులు బయట విడవాలె. హార్మోనియం, ఢోలక్, చప్పట్లు. ఒక్క మాటను పట్టుకుని పది తీర్ల తిప్పుతరు, ముందు మెల్లగా, తర్వాత గుంపు గొంతు పైకి లేస్తది. మాకు ఉర్దూ సగమే తెలుసు. కానీ ఆదిలాబాద్ పిల్లలం కదా, హిందీ, మరాఠీ, ఉర్దూ బజారులో కలిసి వినబడతయి, పని నడుస్తది. వింటుంటే మా గోండు దోస్తుకు పర్ధాన్ల కీక్రీ యాదికొచ్చింది. పర్ధాన్లు కూడా అట్లనే దేవుని ముందు కూసుని, దేవుని కథనే పాడతరు, విన్నోళ్ళు తోచింది ఇస్తరు. పాడేటోళ్ళు ఒక తరం నుంచి ఒక తరానికి నేర్చుకుంటరు. ఇక్కడ వినడానికి గురువారం గురువారం జనం వస్తున్నరు. మన కీక్రీ వినడానికి మనం ఎన్నిసార్లు కూసున్నం? ఈ ప్రశ్న ఆ రాత్రి అన్న గదిలో చాలాసేపు నడిచింది.

శుక్రవారం మాసబ్‌ట్యాంక్. అక్కడ గిరిజన మ్యూజియం ఉన్నది, నెహ్రూ శతాబ్ది పేరు మీద. మన తెగల ఇండ్లు, నగలు, వాద్యాలు, వ్యవసాయ సామాను పెట్టిన్రు. మా ఇంటి అటక మీద ఉన్నసొంటి వస్తువు అద్దాల వెనక, పేరు రాసిన చీటీతో కనబడితే ఒక తీరుగా అనిపిస్తది. గర్వమా, భయమా చెప్పలేం. మా లంబాడా అక్క ఒక నగ చూసి "ఇది మా నానమ్మ రోజూ పెట్టుకునేది, మ్యూజియం అని ఆమెకు తెల్వదు" అన్నది. నవ్వినం. చూసుడైతే చూడండి, అందరూ. కానీ అదే రోజు మ్యూజియం దగ్గరే ఆగిపోవద్దు.

ఎందుకంటే అక్కడి నుంచి నడిచిపోయే దూరంలో ఏసీ గార్డ్స్ ఉన్నది. పేరు విని ఏదో కాలనీ అనుకుంటం. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్న మాటను పొట్టి చేస్తే ఏసీ గార్డ్స్. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు నిజాం దగ్గర గుర్రపు సిపాయిలుగా ఉండేటోళ్ళు, వాళ్ళకు ఇచ్చిన పేట అది. సిపాయి కొలువులు పోయినయి, మనుషులు ఉన్నరు. కర్ణాటకలో సిద్దీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్నరు. ఏసీ గార్డ్స్‌లో చూడటానికి బోర్డులు, టికెట్లు ఏమీ లేవు. గల్లీలు, ఇండ్లు, పిల్లల క్రికెట్, ఒక చిన్న హోటల్. అక్కడ ఖట్టీ దాల్, అన్నం, తలా హువా గోష్ట్ తిన్నం. చింతపండు పులుపు పప్పులో, వేపిన మాంసం పక్కన. ఇంత మంచి భోజనం మేము నాలుగు రోజుల్లో ఇంకోసారి తినలేదు. హోటలాయన ఎక్కడి నుంచి అని అడిగిండు. చెప్పినం. లడ్డూ ఇచ్చినం. "మహువా?" అని వాసన చూసి కనిపెట్టిండు, నవ్వుకుంటూ తిన్నడు.

మధ్యాహ్నం పండుకున్నం. నిజంగనే పండుకున్నం. సెలవు అంటే ఇదే కదా.

సాయంత్రం బంజారాహిల్స్‌లో లామకాన్‌కు పోయినం. 2010లో మొదలైంది, పాత ఇల్లును అందరికీ తెరిచి పెట్టిన్రు. పాటలు, నాటకాలు, చర్చలు అయితుంటయి, కొన్నింటికి టికెట్ ఉండదు. లోపలి క్యాంటీన్‌లో చాయ్, సమోసా మన జేబుకు అందేటట్టే ఉంటది. ఆ రోజు గిటార్ పట్టుకుని కొందరు పిల్లలు పాడిన్రు. చెట్టు కింద రాళ్ళ మీద కూసుని విన్నం. ఎవరూ మమ్మల్ని ఏం పని అని అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు మా అక్క పెద్ద పెద్ద బోర్డులు చూసుకుంటూ, "బంజారా అని మా పేరు పెట్టుకున్నరు. గుట్ట ఉన్నది, పేరు ఉన్నది, తండా ఏది?" అన్నది. ఎవ్వరం ఏం అనలేదు. బస్సు వచ్చింది, ఎక్కినం.

శనివారం బార్కస్. చార్మినార్ దాటి చాంద్రాయణగుట్ట వైపు పోవాలె. బ్యారక్స్ అన్న మాటే నోట్లో నలిగి బార్కస్ అయిందట. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు నిజాం ఫౌజులో ఉండేటోళ్ళు, వాళ్ళ బ్యారకులు ఇక్కడ ఉండేవి. ఇప్పటికీ మగోళ్ళు గళ్ళ లుంగీల మీద తిరుగుతరు. పొద్దున హరీస్ తిన్నం. గోధుమలు, మాంసం కలిపి గంటల కొద్దీ ఉడికించి గుజ్జు చేస్తరు, మీద నెయ్యి. చూడటానికి మన జొన్న గట్క లెక్కనే, రుచి వేరు. చలికాలం కాబట్టి జామపండ్ల బండ్లు కనబడ్డయి, బార్కస్ జామ అంటే ఆ దిక్కు పేరున్న పండు.

మధ్యాహ్నం మండీ. చాప మీద కూసోవాలె, నలుగురికీ ఒక్కటే పెద్ద పళ్ళెం. సన్నబియ్యం అన్నం, మీద మాంసం. ఎవరి దిక్కు నుంచి వాళ్ళు తినుకుంటూ నడిమికి రావాలె. హాస్టల్‌లో ఆదివారం చికెన్ నాడు ఇట్లనే ఒక్క పళ్ళెంలో తిన్నం కదా అనుకున్నం. నాలుగు చేతులు ఒక్క పళ్ళెంలో. ఈ ఒక్క ఫోటో మాత్రం మా వాట్సాప్‌లో అందరికీ పంపినం.

పాట మాత్రం దొరకలేదు. మర్ఫా వినాలని వచ్చినం. మర్ఫా అంటే డప్పుల వాద్యం, సిద్దీలు, హద్రమీ అరబ్బులు తమతో తెచ్చుకున్నది. హైదరాబాద్‌లో పెండ్లిళ్ళకు, ఊరేగింపులకు కొడతరు. కచేరీ లెక్క టికెట్ పెట్టి ఉండదు, ఎక్కడన్న పెండ్లి కావాలె. సాయంత్రం దాకా తిరిగినం. ఇక పోదాం అని ఆటో కోసం నిలబడ్డప్పుడు ఒక ఫంక్షన్ హాలు ముందు మొదలైంది.

మర్ఫా గురించి రాయడం కష్టం. ముందు ఒక్క దెబ్బ, తర్వాత ఇంకో డప్పు దాని సందులోకి వస్తది, తర్వాత ఇంకొకటి. నడుము కింద నుంచి పట్టుకుంటది. మేము రోడ్డు అవతల నిలబడి వింటున్నం. మా కొలాం తమ్ముడి కాళ్ళు ముందు కదిలినయి. తర్వాత మావి. తుడుం, డోలు చప్పుడుకు చిన్నప్పటి నుంచి అలవాటైన కాళ్ళు, అవి అడగకుండనే పోతయి. పెండ్లి వాళ్ళ ముసలాయన ఒకాయన చూసి చెయ్యి ఊపి రమ్మన్నడు. మగపిల్లలం పోయి పది నిమిషాలు ఆడినం. ఆడపిల్లలు ఈ పక్క నిలబడి వీడియో తీసిన్రు. ఆఫ్రికా నుంచి, అరబ్బు దేశం నుంచి వచ్చినోళ్ళ డప్పుకు, జోడేఘాట్ గుట్టల కాళ్ళు. ఆ ముసలాయన "కహాఁ సే బేటా?" అన్నడు. "ఆదిలాబాద్, జంగల్ సే" అన్నం. "హమ్ భీ దూర్ సే" అని నవ్విండు. మా దగ్గర మిగిలిన ఆఖరి నాలుగు లడ్డూలు ఆయన చేతుల పెట్టినం.

ఆదివారం ప్లాన్ వేరే ఉండె. పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం నాడు పరిచే పాత పుస్తకాలు, మోజంజాహి మార్కెట్‌లో పండ్ల ఐస్‌క్రీం, సాయంత్రం ట్యాంక్‌బండ్. కానీ పొద్దున్నే మా కొలాం తమ్ముడు ఫోన్ చేసి, "ముందు ఒక దగ్గరికి పోదాం" అన్నడు.

ఒక పెద్ద దవాఖాన గేటు ముందుకు తీసుకపోయిండు. లోపలికి పోలేదు. గేటు ఎదురుగా రోడ్డు పక్కన ఇడ్లీ బండి. రెండేండ్ల కింద వాళ్ళ నాన్నను ఇక్కడ చేర్చినప్పుడు అమ్మ, తమ్ముడు నలభై రోజులు ఉన్నరు. నలభై రోజులు ఈ గేటు, ఈ బండి, లోపలి వరండా, ఇంతే వాళ్ళ హైదరాబాద్. పగటిపూట అమ్మ ఉంటది, రాత్రి తమ్ముడు ఉంటడు. చార్మినార్ ఇంత దగ్గరే ఉన్నదని ఎవరూ చెప్పలేదు, చెప్పినా పోయేటోళ్ళు కాదు. నాన్న తిరిగి ఇంటికైతే వచ్చిండు కానీ ఎక్కువ రోజులు ఉండలేదు.

గురువారం చాయ్ తాగుకుంటూ "ఇంత దగ్గర్ల ఉన్నదా?" అన్నది ఇదన్నమాట.

బండి ఆయన తమ్ముణ్ణి గుర్తు పట్టలేదు. రోజూ వందల మంది, ఎట్ల పడతడు? తమ్ముడు కూడా చెప్పలేదు. నలుగురం ఇడ్లీ తిన్నం. పల్లీల చట్నీ. చాలా మామూలు ఇడ్లీ. తమ్ముడు రెండోసారి పెట్టించుకుని నిదానంగా తిన్నడు. "అప్పుడు ఒక ప్లేటు ఇద్దరం తినేటోళ్ళం" అన్నడు. దాని మీద మేము రాసేది ఇంకేం లేదు.

తర్వాత అబిడ్స్ పోయినం. పాత పుస్తకాల కుప్పల్లో సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన కొమురం భీం నవల పాత కాపీ దొరికింది. ఎవరో లోపల పెన్సిల్‌తో గీతలు గీసిన్రు. అది మా హాస్టల్ లైబ్రరీకి ఇస్తం. మోజంజాహి మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీం తిన్నం, మన అడవిలో రాలిపోయే పండు ఇక్కడ కప్పులో ఇంత ధర. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద భీం విగ్రహం దగ్గర కూసున్నం. నీళ్ళు, గాలి, పల్లీలు. రాత్రి బస్సుకు ముందు రోడ్డు పక్కన కట్టెల పొయ్యి మీద రొట్టె కొట్టే అమ్మ దగ్గర జొన్నరొట్టె, పచ్చి మిరపకాయ తొక్కు. చప్పుడు వినబడితేనే కడుపు ఆగలేదు. నాలుగు రోజులు నాన్, హరీస్, మండీ తిరిగి చివరికి రొట్టె కాడికే చేరినం. కొలబొడి అయినట్టు అనిపించింది.

ఖర్చు అడుగుతరు, చెప్తం. మనిషికి 3,000 రూపాయలు అనుకున్నం. గది కిరాయి పడలేదు కాబట్టి 2,000 లోపలనే అయింది, మగపిల్లలకు బస్సు టికెట్ అదనం. ఎక్కువ ఖర్చు మండీకే. పోయేటోళ్ళు గురువారం నుంచి ఆదివారం పెట్టుకోండి, ఖవ్వాలీ, ఆదివారం పుస్తకాలు రెండూ దొరుకుతయి. లాడ్జి అయితే ముందే మనుషులెవరెవరో స్పష్టంగా చెప్పి, సరే అన్న మాట మెసేజ్‌లో తీసుకోండి. దర్గాలకు, మసీదు దిక్కు పోతే మీ రుమాలు మీరే తీసుకపోండి. ఒక్క రోజులో మూడు పేటలు పెట్టుకోవద్దు. ఏదన్న మిస్ అయితే అయింది. గోల్కొండ మేము చూడనే లేదు, దాని గోడలు ఎటూ పోవు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలని ఈ పోస్టు రాసినం. మన ఇండ్లల్లో పని ఉంటేనే పట్నం. మనం కూడా అట్లనే పెరిగినం. పని లేకుండా నాలుగు రోజులు తిరిగితే పాపం చేసినట్టు అనిపిస్తది, ఇంట్లో పత్తి ఏరేటోళ్ళు యాదికొస్తరు. మాకూ వచ్చిన్రు. రెండో రోజు ఒకరికి ఏడుపు కూడా వచ్చింది. కానీ దవాఖాన గేటు, పరీక్ష సెంటరు, కౌంటరు, ఇవే మన హైదరాబాద్ అయితే, ఆ పట్నం ఎప్పటికీ మనల్ని భయపెడుతనే ఉంటది. తిన్న ఊరు, ఆడిన ఊరు భయపెట్టదు. దండారికి పోయొచ్చిన ఊరు చుట్టాల ఊరు అయితది. రేపు మళ్ళీ కాగితం పట్టుకుని కౌంటర్ ముందు నిలబడాల్సి వస్తే, ఆ కౌంటర్ దాటితే ఏసీ గార్డ్స్‌లో పప్పు దొరుకుతదని మాకు తెలుసు. అది చిన్న విషయం కాదు.

తిరిగి వచ్చినంక తమ్ముడు వాళ్ళ అమ్మకు ఫోటోలు చూపించిండు. చార్మినార్ దగ్గర ఆగి, "మనం ఉన్న దవాఖానకు ఇది ఎంత దూరం?" అని అడిగిందట. చెప్పిండు. ఆమె కాసేపు చూసి, "చాయ్ ఎట్లుంది?" అన్నదట.

వచ్చే చలికాలం పత్తి ఏరుడు అయినంక ఆమెను తీసుకపోతం. గురువారమే దిగుతం. ఇంకెవరన్నా అమ్మలను, నాన్నలను తీసుకుని వస్తామంటే చెప్పండి, కలిసి పోదాం. లడ్డూల డబ్బా ఈసారి పెద్దది పట్టుకోవాలె.

జై సేవ. జోహార్.